మెదడు హార్మోన్లు, సంతానోత్పత్తిపై పరిశోధనకు గ్రాంటు సాధించడం ఎలా: ప్రశ్న ఎంపిక నుంచి మళ్లీ దరఖాస్తు దాకా

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్ విడుదలవుతుంది. 10 అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. అది పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తే, అక్కడి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు బయల్దేరి అండాశయాలనూ వృషణాలనూ నడిపిస్తాయి. యుక్తవయసు రావడం, నెలసరి సక్రమంగా ఉండటం, అండం విడుదల, వీర్యకణాల తయారీ అన్నిటికీ మొదటి ఆజ్ఞ వెళ్లేది అక్కడి నుంచే. ఇంత మౌలికమైన విషయం మీద పనిచేసేవాళ్లకు డబ్బు సులువుగా దొరకాలి. దొరకదు. నాడీశాస్త్రం ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు ఇది సంతానలేమి నిపుణుల పనిలా కనిపిస్తుంది, సంతానోత్పత్తి ప్యానెల్ వాళ్లకు మెదడు మీద పనిచేసేవాళ్ల వ్యవహారంలా కనిపిస్తుంది. మంచి ప్రతిపాదనలు చాలావరకు ఈ రెంటి మధ్యే జారిపోతాయి.

అందుకే ఈ రంగంలో గ్రాంటు రాసేవాళ్లకు రెండు పనులు మిగతా అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఒకటి, మొదటి వాక్యం రాయకముందే దాన్ని చదివేది ఎవరో తేల్చుకోవడం. రెండు, నిమిషాల్లో పెరిగి తగ్గే హార్మోన్‌ను మీరు నిజంగా కొలవగలరని చూపించడం. మిగతా మెట్లన్నీ ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి. పీహెచ్‌డీ చివర్లో ఉన్నవాళ్లను, పోస్ట్‌డాక్‌లను, కొత్తగా ల్యాబ్ పెట్టుకుంటున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

1. ప్రశ్నను ఒక్క మెట్టుకు కుదించండి

హైపోథలామస్ నుంచి అండాశయం దాకా, మళ్లీ అక్కడి నుంచి మెదడు దాకా సాగే వలయం పెద్దది. తొలి చిత్తుప్రతిలో వలయం మొత్తాన్నీ పరిశోధిస్తామని రాసేయడం సహజమే. కానీ సమీక్షకుడు వెతికేది ఒక్కటే: ఈ వలయంలో మీరు ఏ మెట్టు దగ్గర నిలబడి, ఏ రెండు వివరణల మధ్య తీర్పు చెప్పబోతున్నారు?

ఉదాహరణకు, ‘పీసీఓఎస్‌లో కిస్‌పెప్టిన్ పాత్రను అధ్యయనం చేయడం’ అనేది ప్రశ్న కాదు, అంశం మాత్రమే. (పీసీఓఎస్ అంటే హార్మోన్ల తేడాతో నెలసరి, అండం విడుదల దెబ్బతినే సమస్య; కిస్‌పెప్టిన్ అంటే జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను రేపే మెదడు సంకేతం.) దాన్ని ఇలా మార్చి చూడండి: ‘పీసీఓఎస్ నమూనా చిట్టెలుకల్లో ఎల్‌హెచ్ పల్స్‌లు (రక్తంలో ఉండుండి వచ్చే పోటులు) త్వరత్వరగా రావడానికి కారణం హైపోథలామస్‌లోని ఆర్క్యుయేట్ న్యూక్లియస్ అనే భాగంలో ఉండే కిస్‌పెప్టిన్ కణాల లయ వేగం కావడమా? లేక ఆ లయ మామూలుగానే ఉండగా వేరే దారిలో వచ్చే సంకేతాలు జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను అదనంగా రేపడమా?’ ఇప్పుడు రెండు వివరణలున్నాయి. ఏది తప్పో తేల్చే కొలత కూడా ప్రశ్నలోనే కనిపిస్తోంది: కణాల లయను, ఎల్‌హెచ్‌ను ఒకే జంతువులో ఒకేసారి చూడాలి. జవాబు ఎటు వచ్చినా చికిత్స ఎక్కడ గురిపెట్టాలో తెలుస్తుంది. ఏ ఫలితం వచ్చినా పనికొచ్చే ప్రశ్నే గ్రాంటుకు తగిన ప్రశ్న. ఒక్క జవాబు వస్తేనే నిలబడే ప్రాజెక్టును అనుభవమున్న సమీక్షకులు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

ఈ రంగం చరిత్రలో బాగా నిలిచిన పనులన్నీ ఇలాంటి ఇరుకు ప్రశ్నలే. 1970ల చివర్లో ఎర్నస్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల మీద వేసిన ప్రశ్న చూడండి. జీఎన్‌ఆర్‌హెచ్ ఎంత ఇస్తున్నామన్నది ముఖ్యమా, ఎలా ఇస్తున్నామన్నదా? సొంతంగా జీఎన్‌ఆర్‌హెచ్ రాని కోతులకు గంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తే ఎల్‌హెచ్ తిరిగి వచ్చింది. అదే హార్మోన్‌ను ఆగకుండా ఎక్కిస్తే ఎల్‌హెచ్ పడిపోయింది. ఆ ఒక్క తేడా మీదే రెండు వ్యతిరేక చికిత్సలు పుట్టాయి. పంపుతో పల్స్‌లుగా ఇస్తే సంతానోత్పత్తి వ్యవస్థ మేలుకుంటుంది. దీర్ఘకాలం పనిచేసే అనలాగ్‌లు (దాన్ని పోలిన కృత్రిమ మందులు) ఇస్తే అది నిద్రపోతుంది. పిల్లల్లో అకాల యుక్తవయసుకు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, ఎండోమెట్రియోసిస్‌కు వాడుతున్నది ఈ రెండోదాన్నే.

2. ఏ తలుపు తట్టాలో ముందే తేల్చుకోండి

ఒకే ప్రశ్నను మూడు రకాలుగా రాయొచ్చు: మెదడు సర్క్యూట్ ప్రశ్నగా, హార్మోన్ శరీరధర్మ ప్రశ్నగా, సంతానలేమి ప్రశ్నగా. మూడూ కలిపి వండితే ఎవరికీ నచ్చదు. ఒకటి ఎంచుకుని, మిగతా రెండిటినీ దానికి ఊతంగా పెట్టండి.

అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్. దానిలోని ఇన్‌స్టిట్యూట్లలో ఈ రంగానికి సహజమైన ఇల్లు ఎన్‌ఐసీహెచ్‌డీ. అక్కడ సంతానోత్పత్తి, సంతానలేమి పరిశోధనకు ప్రత్యేక విభాగమే ఉంది. కానీ ప్రశ్న ఆకలి, స్థూలకాయం, లెప్టిన్ (కొవ్వు కణాల హార్మోన్) వైపు వంగితే ఎన్‌ఐడీడీకే, నాడీ సర్క్యూట్ల పనితీరు వైపు వంగితే ఎన్‌ఐఎన్‌డీఎస్, మెనోపాజ్, వృద్ధాప్యం వైపు వంగితే ఎన్‌ఐఏ సరిపోవచ్చు. డబ్బిచ్చే సంస్థ వేరు, సమీక్షించే కమిటీ వేరు అన్నది కొత్తవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. న్యూరోఎండోక్రైనాలజీ, నాడీ రోగనిరోధకత, జీవలయలు, నిద్ర అన్నిటినీ కలిపి చూసే సమీక్షా బృందం ఒకటి అక్కడ ఉంది. మీ పని అక్కడికి వెళ్తే పల్స్ అంటే ఏమిటో మొదటి నుంచి వివరించే బాధ తప్పుతుంది. ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ వెబ్‌సైట్‌లోని మ్యాచ్‌మేకర్‌లో మీ సారాంశాన్ని అతికిస్తే, అలాంటి ప్రాజెక్టులకు ఏ ఇన్‌స్టిట్యూట్ డబ్బిచ్చింది, ఏ కమిటీ చూసింది, ఏ ప్రోగ్రామ్ అధికారి పర్యవేక్షిస్తున్నారు అన్నీ బయటపడతాయి. ఒక సాయంత్రం దానికి కేటాయించండి.

యూరప్‌లో ఈఆర్‌సీకి (యూరోపియన్ రిసెర్చ్ కౌన్సిల్) రాసేవాళ్లకు ఇదే చిక్కు ప్యానెల్ ఎంపిక రూపంలో వస్తుంది. ఎల్‌ఎస్4 శరీరధర్మం, ఆరోగ్యం, వ్యాధి, వృద్ధాప్యాల ప్యానెల్, ఎల్‌ఎస్5 నాడీశాస్త్రం. కణాల లయ, సర్క్యూట్, ఆప్టోజెనెటిక్స్ (కాంతితో కణాలను నడిపే పద్ధతి) మీ బలమైతే ఎల్‌ఎస్5. జీవక్రియ, అండాశయం, పిట్యూటరీ బలమైతే ఎల్‌ఎస్4. స్టార్టింగ్ గ్రాంటు 5 ఏళ్లకు 15 లక్షల యూరోల వరకు, కన్సాలిడేటర్ 20 లక్షలు, అడ్వాన్స్‌డ్ 25 లక్షలు. మొదటి దశలో ప్యానెల్ సభ్యులు మీ చిన్న ప్రతిని మాత్రమే చూస్తారు, వాళ్లలో మీ ఉపరంగం మనిషి ఒక్కరూ ఉండకపోవచ్చు. చిన్న ప్రతిని బయటివాళ్ల కోసం, పెద్ద ప్రతిని లోపలివాళ్ల కోసం రాయాలి.

ఒకటి కంటే ఎక్కువ దేశాల శాస్త్రవేత్తలు కలిసి, ఇంతవరకు ఎవరూ చేయని కలయికతో ముందుకొస్తే హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ మంచి చోటు. ప్రాథమిక ఫలితాలు తప్పనిసరిగా ఉండాలని వాళ్లు అడగరు. కానీ రోగచికిత్స లక్ష్యంగా ఉన్న అనువర్తిత పనికి డబ్బివ్వరు, కాబట్టి అక్కడ పీసీఓఎస్ చికిత్స అని మొదలుపెట్టడం అనవసరం. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధనా మండళ్లలో ఎంఆర్‌సీ మానవ ఆరోగ్యం వైపు, బీబీఎస్‌ఆర్‌సీ మౌలిక జీవశాస్త్రం, పశుసంపద వైపు చూస్తాయి. భారత్‌లో ప్రభుత్వ నిధుల సంస్థలైన డీబీటీ, ఐసీఎంఆర్, ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లతో పాటు డీబీటీ, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లున్నాయి.

వ్యవసాయ, మత్స్య నిధులను ఈ రంగంవాళ్లు చాలామంది మరిచిపోతారు. గొర్రెల్లో పగటి నిడివిని బట్టి సంతానోత్పత్తి ఎలా మారుతుంది, చెరువులో పెంచే చేపలు గుడ్లు పెట్టేలా జీఎన్‌ఆర్‌హెచ్ అనలాగ్‌లు ఎలా పనిచేస్తాయి అన్నవి కూడా మెదడు హార్మోన్ల ప్రశ్నలే. సంతానోత్పత్తిని అణిచే జీఎన్‌ఐహెచ్ అనే హార్మోన్‌ను 2000లో జపాన్ శాస్త్రవేత్తలు మొదట గుర్తించింది కౌజుపిట్టలో. మీ జంతువు చిట్టెలుక కాకపోతే అది లోటేమీ కాదు. డబ్బిచ్చేవాళ్లు వేరే ఉంటారు, అంతే.

3. రాయకముందు ప్రోగ్రామ్ అధికారితో మాట్లాడండి

ఒక పేజీ సారాంశం తయారుచేసుకుని ఈమెయిల్ పంపి, 20 నిమిషాల ఫోన్ సమయం అడగండి. ‘నా ఐడియా బాగుందా?’ అని అడగొద్దు, దానికి వాళ్లు జవాబు చెప్పలేరు. అడగాల్సినవి వేరు. ఈ ప్రశ్న మీ సంస్థ ప్రస్తుత ప్రాధాన్యాల్లో ఉందా? మీకు సరిపోకపోతే ఏ సంస్థకు సరిపోతుంది? ఈ రకం గ్రాంటును మీ ఇన్‌స్టిట్యూట్ ఈ సారి తీసుకుంటోందా? ఈ చివరి ప్రశ్న మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకే ఏజెన్సీలో కొన్ని ఇన్‌స్టిట్యూట్లు కొన్ని రకాల గ్రాంట్లలో పాల్గొనవు, ఆ జాబితా మారుతూ ఉంటుంది. ఈ ఒక్క సంభాషణ నెలల పనిని కాపాడుతుంది.

4. ప్రాథమిక ఫలితాలు: కొలవగలమని చూపించండి

ప్రతిపాదన గెలవడమో ఓడటమో ఎక్కువగా ఇక్కడే తేలుతుంది.

జీఎన్‌ఆర్‌హెచ్ పుట్టేది మెదడులో, పనిచేసేది పక్కనే ఉన్న పిట్యూటరీ మీద. ఆ రెంటినీ కలిపే చిన్న రక్తనాళాల్లోనే దాని ప్రయాణం. శరీరమంతా తిరిగే రక్తంలోకి వచ్చేసరికి అది బాగా పలచబడి, కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. చేతి నరం నుంచి తీసిన రక్తంలో దాన్ని నమ్మకంగా కొలవలేం. అందుకే పరిశోధకులు ఎల్‌హెచ్‌ను అద్దంలా వాడతారు. 1980ల మొదట్లోనే గొర్రెల్లో ఆ చిన్న రక్తనాళాల నుంచే నేరుగా నమూనాలు తీసి, జీఎన్‌ఆర్‌హెచ్ పల్స్‌లకూ ఎల్‌హెచ్ పల్స్‌లకూ ఉన్న జోడీని చూపించారు. ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తంలో ఎక్కువసేపు ఉండిపోతుంది కాబట్టి పల్స్‌లు చూడటానికి పనికిరాదు. ‘జీఎన్‌ఆర్‌హెచ్ విడుదలను కొలుస్తాం’ అని రాసి పద్ధతుల్లో ఒక్క ఎల్‌హెచ్ నమూనా మాత్రమే చూపిస్తే, సమీక్షకుడు అక్కడే ఆగిపోతాడు. ఒక్క క్షణంలో తీసిన ఎల్‌హెచ్ విలువ పల్స్ శిఖరం మీదుందో లోయలో ఉందో ఎవరూ చెప్పలేరు.

చిట్టెలుకల్లో ఈ సమస్యకు 2013లో దారి దొరికింది. అతి సున్నితమైన ఎలైజా (హార్మోన్‌ను కొలిచే ప్లేటు పరీక్ష) పద్ధతి వచ్చాక, తోక చివర నుంచి కొద్ది మైక్రోలీటర్ల రక్తం తీస్తే సరిపోతోంది. కొద్ది నిమిషాలకోసారి తీస్తూ పోతే ఒకే జంతువులో పల్స్‌లన్నీ కనిపిస్తాయి. అయితే జంతువు బెదిరిపోతే ఒత్తిడి హార్మోన్లు ఎల్‌హెచ్‌ను అణిచేస్తాయి. కాబట్టి ప్రయోగానికి ముందు కొన్ని వారాల పాటు రోజూ దాన్ని చేతిలోకి తీసుకుని, తోక నిమిరి, అదే గదిలో అదే వ్యక్తి అలవాటు చేయాలి. ఈ అలవాటు చేసే కాలాన్ని ప్రతిపాదనలో ఒక వాక్యంగా రాయండి. ఆ వాక్యం చూడగానే, ఈ పని చేతులతో చేసినవాళ్లే రాశారని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

రెండో దారి ఫైబర్ ఫొటోమెట్రీ. ఆర్క్యుయేట్ న్యూక్లియస్‌లో కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్ బి, డైనార్ఫిన్ మూడూ తయారుచేసే కణాలున్నాయి. ఆ మూడు పేర్ల ఇంగ్లిష్ అక్షరాలను కలిపి (KNDy) వీటిని క్యాండీ కణాలంటారు. వాటిలో కాల్షియంకు స్పందించి వెలిగే ప్రోటీన్ పెట్టి, సన్నని ఆప్టికల్ ఫైబర్‌తో చూస్తే, ఆ కణాలన్నీ ఒకేసారి చురుకైన ప్రతిసారీ కాసేపటికి ఎల్‌హెచ్ పల్స్ వస్తున్నట్టు 2017లో తేలింది. దీంతో ఒకే జంతువును రక్తం తీయకుండా వారాల తరబడి గమనించొచ్చు. మీ సంస్థలో పరికరం లేకపోతే ఉన్న ల్యాబ్‌తో సహకార లేఖ తీసుకోండి. కానీ కనీసం ఒక్క జంతువు నుంచి మీరే తీసిన రికార్డింగ్ చిత్రం పెట్టండి. ఈ పని మీ చేతుల్లో నడుస్తుందని చూపించడానికి ఇంకొకరి ప్రచురిత చిత్రం సరిపోదు.

మనుషుల మీద పనిచేసేవాళ్లు సాధారణంగా 10 నిమిషాలకోసారి, కనీసం 8 గంటల పాటు రక్తం తీస్తారు. ఇక్కడ చూపించాల్సింది వేరు: అంతసేపు కూర్చునే వాలంటీర్లను మీరు చేర్చుకోగలరని, రాత్రి పనిచేసే నర్సులున్న క్లినికల్ పరిశోధనా యూనిట్ మీకు అందుబాటులో ఉందని, నమూనాలన్నీ ఒకే బ్యాచ్‌లో పరీక్షిస్తారని.

పల్స్‌ను ఎలా గుర్తిస్తారో కూడా ఇక్కడే చెప్పేయండి. కంటితో చూసి లెక్కపెడతామంటే కుదరదు. పల్సార్ లాంటి అల్గారిథమ్ వాడండి, దాని పారామితులను ముందే ప్రకటించండి, లెక్కించేవాళ్లకు ఏ జంతువు ఏ గుంపుదో తెలియకుండా చూడండి.

5. లక్ష్యాల పేజీ

ఎన్‌ఐహెచ్‌లో ఇది ఒకే పేజీ. మిగతా చోట్ల పేరు వేరైనా పని ఒకటే. సమీక్షకుల్లో చాలామంది శ్రద్ధగా చదివేది ఈ ఒక్క పేజీనే, కాబట్టి మొత్తం రాసే సమయంలో మూడో వంతు దీని మీద పెట్టినా తప్పులేదు.

మొదటి పేరాలో మానవ సమస్యను ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి వెంటనే జీవక్రియలోకి దిగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 6గురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ఇలాంటి ఒక్క అంకె చాలు, నాలుగు పెట్టొద్దు. రెండో పేరాలో ఖాళీ ఎక్కడుందో చెప్పండి. ‘ఇంకా పూర్తిగా తెలియదు’ అంటే ఖాళీ చూపించినట్టు కాదు. తెలియకపోవడం వల్ల ఏ చికిత్స, ఏ అవగాహన ఆగిపోయిందో చెబితేనే అది ఖాళీ. తర్వాత మీ ఊహ, దాని వెనకున్న సొంత ఫలితం.

ఇక లక్ష్యాలు. రెండు లేదా మూడు. మొదటిది ఫలించకపోతే రెండోది కూలిపోయేలా పెట్టడమే సమీక్షల్లో తరచూ వచ్చే విమర్శ. ఒకదాన్నొకటి బలపరిచేలా ఉండాలి, కానీ ఏదైనా ఒంటరిగా నిలబడగలగాలి. పైన చెప్పిన పీసీఓఎస్ ప్రశ్నలో ఒక లక్ష్యం కణాల లయను, ఎల్‌హెచ్‌ను కలిపి కొలవడం. రెండోది ఆ కణాలను మందుతో గానీ కాంతితో గానీ నెమ్మదింపజేసి అండం విడుదల చక్రం మామూలుకొస్తుందో లేదో చూడటం. మొదటిదానిలో లయ మామూలుగా ఉందని తేలినా, రెండోది అర్థవంతమైన నియంత్రణ పరీక్షగా మిగులుతుంది.

6. జంతువుల సంఖ్య, బడ్జెట్: ఈ రంగానికే ప్రత్యేకమైన లెక్కలు

ఇతర రంగాల బడ్జెట్ నమూనాలు ఇక్కడ సరిపోవు. అండం విడుదలకు ముందు వచ్చే ఎల్‌హెచ్ ఉప్పెనను చూడాలనుకుందాం. చిట్టెలుక చక్రం 4 నుంచి 5 రోజులు. ఉప్పెన వచ్చేది ప్రోఈస్ట్రస్ (అండం విడుదలకు ముందు దశ) రోజున, దీపాలు ఆరే వేళకు. అంటే ఏ రోజు చూసినా ఆడ జంతువుల్లో నాలుగైదింటికి ఒకటి మాత్రమే ఆ దశలో ఉంటుంది. ఒకే సాయంత్రం 10 జంతువులు కావాలంటే 40 నుంచి 50 ఆడవాటి చక్రాన్ని రోజూ యోని కణాల స్మియర్‌తో చూసుకుంటూ రావాలి. వాటిలో కొన్నిటి చక్రాలు క్రమం తప్పుతాయి, వాటిని పక్కనపెట్టాలి. ఈ లెక్క చూపించకుండా ‘గుంపుకు 10’ అని రాస్తే నైతిక కమిటీకీ, సమీక్షకులకూ ఇద్దరికీ అనుమానమే.

పరీక్షల ఖర్చు ఇంకో ఉదాహరణ. ఒక జంతువు నుంచి 3 గంటల పాటు 6 నిమిషాలకోసారి రక్తం తీస్తే 31 నమూనాలు. ఒక్కోటీ రెండేసి గుంటల్లో పెడితే 62. స్టాండర్డ్‌లకు (మోతాదు ముందే తెలిసిన నమూనాలకు) 16, నాణ్యతా నమూనాలకు 4. మొత్తం 82 గుంటలు. అంటే 96 గుంటల ప్లేటు ఒకటి ఒక్క జంతువుకే సరిపోతుంది. 4 గుంపులు, గుంపుకు 8 జంతువులు, చికిత్సకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేస్తే 64 ప్లేట్లు. ఈ అంకె వేయకుండా ‘హార్మోన్ పరీక్షలు’ అని ఒక మొత్తం రాసినవాళ్లకు రెండో ఏడాదికే డబ్బు అయిపోతుంది.

గణాంకాల విషయంలో ఒక్క మాట. స్వతంత్ర యూనిట్ జంతువే, పల్స్ కాదు. 8 జంతువుల నుంచి 40 పల్స్‌లు వచ్చాయని శాంపిల్ 40 అని రాస్తే సమీక్షలో తప్పకుండా దొరికిపోతారు.

జనవరి 2016 నుంచి ఎన్‌ఐహెచ్ లింగాన్ని జీవశాస్త్ర చరరాశిగా పరిగణించాలని అడుగుతోంది. మన రంగంలో దీన్ని మొక్కుబడిగా రాయకూడదు. చిట్టెలుకల్లో ఎల్‌హెచ్ ఉప్పెన ఆడవాటికే వస్తుంది, ఎందుకంటే దాన్ని నడిపే కిస్‌పెప్టిన్ కణాల గుంపు మగవాటిలో చాలా చిన్నది. ఉప్పెన మీద ప్రశ్నకు ఒక లింగాన్నే వాడటానికి బలమైన కారణముంది, దాన్ని రాయండి. పల్స్‌ల మీద ప్రశ్న అయితే రెండూ వాడండి, ఎందుకంటే ఆ యంత్రాంగం ఇద్దరిలోనూ ఉంది.

బడ్జెట్‌లో మనుషుల జీతాలే పెద్ద భాగం. స్మియర్లు వారాంతాల్లో కూడా తీయాలి కాబట్టి ఒక టెక్నీషియన్‌ను అడగడానికి మొహమాటపడొద్దు, కారణం స్పష్టంగా రాయండి. కొత్త ఆలోచనలను పరీక్షించడానికి ఎన్‌ఐహెచ్ ఇచ్చే చిన్న గ్రాంటు ఆర్‌21లో రెండేళ్లకు కలిపి ప్రత్యక్ష ఖర్చు 2,75,000 డాలర్లు దాటకూడదు, పరిశోధనా వ్యూహం 6 పేజీలు. ప్రధాన పరిశోధనా గ్రాంటు ఆర్‌01లో వ్యూహం 12 పేజీలు. ఏడాదికి ప్రత్యక్ష ఖర్చు 2,50,000 డాలర్లు మించకపోతే మాడ్యులర్ బడ్జెట్ (అంశాలవారీ వివరాలు అక్కర్లేని సరళ రూపం) సరిపోతుంది. సంస్థ తీసుకునే పరోక్ష ఖర్చు చోటును బట్టి మారుతుంది: ఈఆర్‌సీ ప్రత్యక్ష ఖర్చు మీద 25 శాతం ఇస్తుంది. మీ సంస్థ ఫైనాన్స్ ఆఫీసుకు గడువుకు కనీసం నెల ముందే వెళ్లండి.

7. ప్రాముఖ్యం రాయడం

పల్స్‌లు, న్యూక్లియస్‌లు అని రాసుకుంటూ పోతే బయటివాళ్లకు ‘ఇదంతా ఎందుకు?’ అనిపిస్తుంది. జవాబుకు ఈ రంగంలోనే చక్కటి గొలుసుంది. కిస్‌పెప్టిన్‌ను తయారుచేయించే కిస్1 జన్యువును 1996లో క్యాన్సర్ వ్యాప్తిని అడ్డుకునే జన్యువుగా గుర్తించారు. సంతానోత్పత్తి ఊసే లేదు. 2003లో రెండు బృందాలు వేర్వేరుగా, దాని గ్రాహకం జీపీఆర్54లో లోపం ఉన్నవాళ్లకు యుక్తవయసే రావట్లేదని చూపించాయి. 2009లో న్యూరోకైనిన్ బి, దాని గ్రాహకం లోపాలతోనూ అదే జరుగుతుందని తేలింది. అవే కణాలు, అవే గ్రాహకాలు మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్ల వెనక ఉన్నాయని అర్థమయ్యాక, ఆ గ్రాహకాన్ని అడ్డుకునే ఫెజోలినెటాంట్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2023 మే నెలలో ఆమోదించింది. హార్మోన్ కాని చికిత్స కావాల్సిన మహిళలకు అదొక దారి. యుక్తవయసు రాని కొద్ది కుటుంబాల జన్యువులను ఓపికగా చదివితే, కోట్లమంది మధ్యవయసు మహిళలకు పనికొచ్చే మందు వచ్చింది. నాకు ఈ రంగం మీద నమ్మకం ఇలాంటి గొలుసుల వల్లే.

అయితే మీ ప్రతిపాదనలో ఈ కథ మొత్తం చెప్పొద్దు. మీ ప్రశ్న ఆ గొలుసులో ఏ కొక్కేనికి తగులుతుందో ఒక్క పేరాలో చూపించండి. మూడేళ్లలో మందు కనిపెడతామని రాస్తే ఎవరూ నమ్మరు; ఏ గ్రాహకం, ఏ కణం, ఏ వయసులో గురిపెట్టాలో తేలుస్తామంటే నమ్ముతారు.

8. అనుమతులు

త్వరగా చెప్పేస్తాను. జంతు నైతిక కమిటీ పత్రాలు ఇప్పుడే మొదలుపెట్టండి. పద్ధతులను జంతు ప్రయోగాల నివేదికకు ఉద్దేశించిన అరైవ్ 2.0 మార్గదర్శకాల ప్రకారం రాస్తే తర్వాత ప్రచురణకూ పనికొస్తుంది. మనుషుల మీద పనైతే, సంతానం కోసం తపిస్తున్నవాళ్లను చేర్చుకునేటప్పుడు ఆశ చూపే మాటలు సమ్మతి పత్రంలో ఉండకూడదు. హార్మోన్ ఇచ్చే ప్రతి ప్రయోగానికీ ముందు గర్భ పరీక్ష, ముందస్తు ట్రయల్ రిజిస్ట్రేషన్ ఉండాలి.

9. పెద్ద గ్రాంటు ఇంకా దూరమనిపిస్తే

చిన్న మొత్తాలతో మొదలుపెట్టడం ఈ రంగంలో చాలా తెలివైన పని. ఒక్క ఫైబర్ రికార్డింగ్, ఒక్క బ్యాచ్ పల్స్ కొలతలు చేతికొస్తే చాలు, పెద్ద దరఖాస్తు ముఖమే మారిపోతుంది. బ్రిటిష్ సొసైటీ ఫర్ న్యూరోఎండోక్రైనాలజీ సభ్యులకు చిన్న ప్రాజెక్టులకూ, ఇతర ల్యాబ్‌లకు వెళ్లి పద్ధతులు నేర్చుకోవడానికీ సాయమిస్తుంది. క్షీరదాల సంతానోత్పత్తి జీవశాస్త్రంలో పోస్ట్‌డాక్‌లకు లాలర్ ఫౌండేషన్ ఫెలోషిప్‌లున్నాయి. ప్రయాణాలకూ, శిక్షణకూ ఐబీఆర్‌ఓ (అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ), ఎండోక్రైన్ సొసైటీ వైపు చూడండి. అమెరికాలో పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కు దాటడానికి కే99/ఆర్00 అనే ఎన్‌ఐహెచ్ గ్రాంటు ఉంది. అక్కడ సమీక్షకులు ప్రాజెక్టుతో పాటు మిమ్మల్నీ చూస్తారు: ఇంతవరకు తెలియని ఏ నైపుణ్యం నేర్చుకుంటారు, మార్గదర్శి నీడ నుంచి ఏ ప్రశ్న తీసుకుని బయటికొస్తారు? మార్గదర్శితో కూర్చుని ఏ ప్రశ్న ఎవరిదో పంచుకుని, ఆయన లేదా ఆమె లేఖలో ఆ మాట రాయించుకోండి.

10. సమీక్ష వచ్చాక

ఎన్‌ఐహెచ్‌లో దరఖాస్తు నుంచి డబ్బు దాకా సాధారణంగా 9 నెలలు పడుతుంది. 2025 జనవరి 25 నుంచి అక్కడ చాలా పరిశోధనా గ్రాంట్లను మూడు అంశాల కింద తూస్తున్నారు: పరిశోధన ప్రాముఖ్యం, కచ్చితత్వం మరియు సాధ్యత, నైపుణ్యం మరియు వనరులు. మొదటి రెంటికి 1 నుంచి 9 వరకు మార్కులు, 1 అంటే అత్యుత్తమం. మూడోదానికి మార్కులుండవు, సరిపోతుందా లేదా అనే చూస్తారు. మొత్తం ప్రభావ స్కోరు 10 నుంచి 90 మధ్య.

తిరస్కరణ వస్తే ఆ రోజు ఏమీ రాయొద్దు. వారం తర్వాత విమర్శలను రెండుగా విడదీయండి: ప్రయోగం మారిస్తే తీరేవి, రాత మారిస్తే తీరేవి. ‘ఎల్‌హెచ్ ఒక్కటే చాలదు, కణాల స్థాయిలో రుజువు కావాలి’ అంటే ప్రయోగం చేయాలి. ‘ఎందుకు ఆడ జంతువులే?’ అని అడిగితే కారణం మీకు తెలిసి ఉండి కూడా పేజీలో రాలేదని అర్థం. సమీక్షకుడికి విషయం తెలియదనుకుని వదిలేయకండి. ఆయనకు అర్థం కాలేదంటే, ఆ కమిటీలో ఇంకో ఇద్దరికి కూడా అర్థమై ఉండదు. ముగ్గురు సమీక్షకులూ ‘విషయం మా పరిధి కాదు’ అన్న ధోరణిలో రాసి ఉంటే, రాత మార్చడం కంటే ప్యానెల్ మార్చడమే మేలు. రెండో మెట్టుకు తిరిగి వెళ్లి మ్యాచ్‌మేకర్ తెరవండి.

మళ్లీ పంపేటప్పుడు ఎన్‌ఐహెచ్ ఒక పేజీ పరిచయం అడుగుతుంది. మొదటి దరఖాస్తు నుంచి 37 నెలల లోపు పంపాలి. ఆ పేజీలో ప్రతి పెద్ద విమర్శకూ ఏం మార్చారో, ఆ మార్పు ఏ పేజీలో ఉందో రాయండి. ఒప్పుకోని చోట కొత్త ఫలితంతో ఒప్పించండి, వాదనతో కాదు. ఈ మధ్యకాలంలో ఒక్క జంతువులోనైనా కొత్త పల్స్ రికార్డింగ్ తీసి ఉంటే, ఆ చిత్రాన్ని మొదటి పేజీలోనే పెట్టండి.